అంబాసిడరా, మారుతి 800నా? కడప ఎండలో పాత కారు కొనాలనుకునేవాళ్ళకు

మా ఇంటి పక్క రేకుల షెడ్డులో రెండు కార్లుంటాయి. ఒకటి మా నాయన 1978లో కొత్తది కొన్న అంబాసిడర్, మార్క్ 3. రెండోది నేను సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న 1994 మారుతి 800. వీటిలో దేన్ని బయటికి తీసినా, ఏడు రోడ్ల కూడలి దాటి బంకులో పెట్రోల్ పోయించుకునేలోపు ఎవరో ఒకరు దగ్గరికొచ్చి అడుగుతారు. "అన్నా, ఇట్లాంటిదొకటి నాకూ కావల్ల. యాడ దొరుకుతుంది?" అని. రెండేళ్ళ కిందట మా మేనల్లుడు కూడా ఇదే అడిగాడు. "మామా, నా దగ్గర ఒక్కదానికే డబ్బులున్నాయి. రెంట్లో ఏది తీసుకునేది?"

ఆ రోజు వాడికి చెప్పింది, ఆ తర్వాత వాడితో కలిసి తిరిగి పది పదిహేను బళ్ళు చూశాక తెలిసింది కలిపి రాస్తున్నాను. రోజూ ఆఫీసుకు పోవడానికి ఒకే ఒక్క కారు కావాలనుకునేవాళ్ళకు ఇది పనికిరాదు. ఇంట్లో ఇంకో బండి ఉండి, ఆదివారాలు, పండగలు, పెళ్ళిళ్ళకు ఒక పాత కారు తీయాలని మనసు పడ్డవాళ్ళ కోసం ఇది.

రెండు కాలాల బళ్ళు

అంబాసిడర్ మూలం ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు దాన్ని కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో 1958 నుంచి తయారు చేశారు. బుక్ చేసి ఏళ్ళకేళ్ళు ఎదురుచూసిన కాలమది. కలెక్టర్ బండి, ఎమ్మెల్యే బండి, పెళ్ళికొడుకు బండి, స్టాండులో బాడుగ బండి, అన్నీ అదే.

మారుతి 800 వచ్చింది 1983 డిసెంబర్ 14న. మొదటి కారు తాళం ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. అప్పటి ధర 47,500 రూపాయలు. గుర్‌గావ్ ఫ్యాక్టరీ, సుజుకి ఇంజన్. చిన్న ఉద్యోగి కూడా కారు గురించి ఆలోచించడం అప్పుడే మొదలైంది. రెండింటి పుట్టుకకు మధ్య పాతికేళ్ళ తేడా ఉన్నా, ఆగిపోయింది మాత్రం ఒకే ఏడాది. మారుతి 2014 జనవరిలో, అంబాసిడర్ అదే ఏడాది మే నెలలో.

ఏం చూసి ఎంచుకోవాలి

చాలామంది ముందు ఇంజన్ చూస్తారు, తర్వాత పెయింట్ చూస్తారు. నేను ముందు రేకు చూస్తాను. ఇంజన్ బోరు చేయించుకోవచ్చు, గేర్‌బాక్స్ విప్పి బేరింగులు వేయించుకోవచ్చు, సీట్లు కుట్టించుకోవచ్చు. తుప్పు తిన్న బాడీని మామూలు ఖర్చుతో నిలబెట్టడం మాత్రం మన వల్ల కాదు.

రేకు తర్వాత ఎండ. ఏప్రిల్, మే నెలల్లో కడపలో 42, 43 డిగ్రీలు మామూలే. చలిదేశంలో గీసిన అంబాసిడర్ ఇంజన్, మారుతి ఇంజన్ ఈ వేడిని ఒకే తీరుగా తట్టుకోవు. ఆ తర్వాత చూడాల్సింది మీ ఊళ్ళో ఆ బండి తెలిసిన మెకానిక్ ఉన్నాడా లేడా అన్నది. ఇంకా కాగితాలు, బండిలో ఎక్కేవాళ్ళ సంఖ్య, పెట్టుకునే చోటు. ధర అన్నిటికన్నా చివర. ఎందుకంటే పాత కారుకు కొన్న రోజు ఇచ్చే డబ్బు సగమే. మిగతా సగం మొదటి ఏడాదిలో రిపేర్లకు ఖర్చవుతుంది. లక్షన్నర ఉంటే డెబ్బై ఐదు వేల బండి చూడండి.

మొత్తం ఒక్క చూపులో కనబడాలంటే ఈ పట్టిక చూడండి. అంబాసిడర్ అంటే ఇక్కడ 1489 సీసీ పెట్రోల్ బండి, మారుతి అంటే 1986 తర్వాతి కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) ఉన్న బండి.

| చూడాల్సింది | అంబాసిడర్ | మారుతి 800 |
|---|---|---|
| ఇంజన్ | 1489 సీసీ, 4 సిలిండర్లు | 796 సీసీ, 3 సిలిండర్లు |
| తిరిగే చక్రాలు | వెనకవి | ముందువి |
| గేర్లు | 4, స్టీరింగ్ పక్కన కడ్డీ | 4, కింద కడ్డీ |
| బ్రేకులు | నాలుగూ డ్రమ్ములే | ముందు డిస్క్, వెనక డ్రమ్ |
| పొడవు | సుమారు 4.3 మీటర్లు | సుమారు 3.3 మీటర్లు |
| బరువు | 1,100 కిలోల పైన | సుమారు 650 కిలోలు |
| మాకొచ్చే మైలేజీ | 8 నుంచి 10 | 15 నుంచి 17 |
| ఎండలో వచ్చే తంటా | పెట్రోల్ ఆవిరై ఆగడం | ఫ్యాన్ పోతే హెడ్ (ఇంజన్ పై భాగం) దెబ్బతినడం |
| తుప్పు | మందం రేకు, నిదానంగా తింటుంది | పల్చటి రేకు, త్వరగా తింటుంది |
| సామాన్లు | ఇంజన్‌వి చెన్నై, బెంగళూరుకు పోతే దొరుకుతాయి | ఇంజన్‌వి ఊళ్ళోనే |

ఎండ సంగతి

కడప నుంచి రాయచోటికి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. నా చిన్నప్పుడు మే నెలలో ఆ ఘాట్ ఎక్కితే పైకి చేరేలోపు మా అంబాసిడర్ ఒకసారైనా ఆగేది. రెండు దగ్గులు దగ్గి, ఊపిరి అందనట్టు గుంజి, ఆగిపోయేది. మా నాయన ఏమాత్రం టెన్షన్ పడేవాడు కాదు. దిగి బానెట్ ఎత్తి, సీటు కింద నుంచి పాత లుంగీ గుడ్డ తీసి, కూజాలో నీళ్ళతో తడిపి పెట్రోల్ పంపుకు చుట్టేవాడు. గుడ్డ నుంచి సన్నగా ఆవిరి లేచేది. మేము చెట్టు నీడలో కూర్చునేవాళ్ళం. పావుగంట తర్వాత సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టే స్టార్ట్ అయ్యేది. పైకి పోయాక గువ్వలచెరువు పాలకోవా తప్పకుండా కొనిచ్చేవాడు.

అప్పుడు అర్థం కాలేదు గానీ దాని కారణం తేలికే. ఆ బండిలో పెట్రోల్ పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది. ఘాట్‌లో ఇంజన్ కాగుతుంది, బండి మెల్లగా పోతుంది కాబట్టి గాలి తగలదు, బయట ఎండ. పంపులో, పైపులో పెట్రోల్ ఆవిరైపోతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు గానీ ఆవిరిని తోయలేదు. కార్బురేటర్‌కు పెట్రోల్ అందదు. చల్లబడితే ఆవిరి మళ్ళీ పెట్రోల్ అవుతుంది, బండి కదులుతుంది. ఇది బండి చెడిపోవడం కాదు. ఇప్పుడు మేము పెట్రోల్ పైపును సైలెన్సర్ మానిఫోల్డ్‌కు దూరంగా తిప్పి, దాని మీద వేడి తగలని తొడుగు వేయించాం. ఆ తంటా చాలావరకు తగ్గింది. అయినా ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట ఆ బండిని ఘాట్ ఎక్కించను.

మారుతికి ఈ బాధ తక్కువ. కార్బురేటర్ మోడల్లో ఎక్కువైన పెట్రోల్ మళ్ళీ ట్యాంకులోకి పోయే పైపు ఉంటుంది, కాబట్టి పెట్రోల్ ఒకేచోట నిలిచి కాగదు. తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ మోడల్లో (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే రకం) పంపు ట్యాంకులోనే ఉండి ఒత్తిడితో తోస్తుంది, అసలు ఆ ప్రశ్నే రాదు. కానీ మారుతికి వేరే గండం ఉంది. దాని రేడియేటర్ ఫ్యాన్ కరెంటుతో తిరుగుతుంది. నీళ్ళు కాగినప్పుడు ఒక స్విచ్ దాన్ని తిప్పుతుంది. ఆ స్విచ్ పోయిందో, వైరు తెగిందో, ఫ్యాన్ తిరగదు. మీరు ట్రాఫిక్‌లో నిలబడి పాటలు వింటుంటే మీటర్ ముల్లు పైకి పోతుంటుంది. హెడ్ అల్యూమినియంది. ఒక్కసారి బాగా కాగితే వంగుతుంది, గాస్కెట్ పోతుంది, ఆయిల్లో నీళ్ళు కలుస్తాయి.

అంబాసిడర్ ఫ్యాన్ బెల్టుతో ఇంజన్ తిరిగినంతసేపూ తిరుగుతుంది. హెడ్, బ్లాక్ రెండూ పోత ఇనుము. కాస్త కాగినా ఓర్చుకుంటాయి. అందుకే నేనిలా చెబుతాను: అంబాసిడర్ ఎండలో ఎక్కువసార్లు ఆగుతుంది, కానీ తక్కువ ఖర్చుతో లేస్తుంది. మారుతి ఆగదు, కానీ మీటర్ చూడకుండా నడిపేవాళ్ళకు ఒకే దెబ్బలో పెద్ద బిల్లు చూపిస్తుంది. మారుతి కొంటే మొదటి వారంలోనే ఆ స్విచ్, థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్‌కు నీళ్ళు వదిలే వాల్వ్) మార్పించండి. పెద్ద ఖర్చేం కాదు.

ఇంకో మాట రెండింటికీ. రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోయకండి. మనది నాపరాళ్ళ నేల, నీళ్ళలో సున్నం ఎక్కువ. నీళ్ళు కాచే గిన్నెకు అడుగున తెల్లగా పట్టేది రేడియేటర్ గొట్టాల్లోనూ పడుతుంది. మా అంబాసిడర్ రేడియేటర్ విప్పి చూసినప్పుడు సగం గొట్టాలు మూసుకుపోయి ఉన్నాయి. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయండి, రెండేళ్ళకోసారి మార్చండి.

రేకు చూడటం ఎలా

మారుతి కొనే ముందు నేను ఇంకో మారుతికి అడ్వాన్స్ ఇచ్చాను. ఎర్ర రంగు, అద్దంలా మెరుస్తోంది. ఇంజన్ పట్టుగా ఉంది. అమ్మేవాడు మర్యాదగా టీ ఇప్పించాడు. ఇంటికి తెచ్చుకునే రోజు మా మెకానిక్ వచ్చి డ్రైవర్ కాళ్ళ కింది మ్యాట్ ఎత్తాడు. తడి వాసన వచ్చింది. స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా పొడిచాడు, గట్టిగా కాదు. అది బిస్కెట్లోకి దిగినట్టు దిగింది. ఆ రంధ్రంలోంచి కింద రోడ్డు కనబడింది. రంగు కింద సగం పుట్టీ, సగం తారు పూత. అడ్వాన్స్‌లో కొంత పోయింది. అప్పటి నుంచి మెకానిక్ లేకుండా ఏ బండీ చూడలేదు.

మీరు పోయేటప్పుడు ఒక చిన్న అయస్కాంతం, దానికి చుట్టడానికి మెత్తటి గుడ్డ, టార్చిలైటు తీసుకుపోండి. తలుపుల కింది అంచు, చక్రాల పైన వంపు, అడుగున అటూ ఇటూ ఉండే పట్టీలు, వీటి మీద అయస్కాంతం పెట్టి చూడండి. రేకు ఉంటే పట్టుకుంటుంది, పుట్టీ ఉంటే జారిపోతుంది. వేలి కణుపుతో తట్టినా తెలుస్తుంది. రేకు మోగుతుంది, పుట్టీ మొద్దుగా పలుకుతుంది.

మారుతిలో ముఖ్యంగా చూడాల్సినవి ముందు కాళ్ళ కింది నేల, బ్యాటరీ కూర్చునే చోటు, ముందు అద్దం కింది మూల, ముందు షాక్ అబ్జార్బర్ పైకి వచ్చి బిగిసే గుండ్రటి చోటు. ఈ చివరిది తుప్పు తింటే బండి ముందు భాగమే వదులవుతుంది. అది కనబడితే బేరం ఆడకుండా వెనక్కి రండి.

అంబాసిడర్ రేకు మందంగా ఉంటుంది, తలుపు వేస్తే వచ్చే ఆ బరువైన చప్పుడే చెబుతుంది. కానీ దానికి విడిగా చాసిస్ ఉంటుందనుకోవడం పొరపాటు. లారీకి, జీపుకు ఉన్నట్టు ఉండదు. బాడీనే చాసిస్. కాబట్టి కింద దూరి చూడాల్సిందే. వెనక కమాన్ కట్టలు బిగించే చోటు, ముందు టార్షన్ బార్లు (ముందు చక్రాలకు స్ప్రింగుల్లా పనిచేసే కడ్డీలు) పట్టుకునే చోటు, డిక్కీలో స్పేర్ టైరు కింద నేల. ఈ మూడూ గట్టిగా ఉంటే మిగతాది టింకరింగ్ షెడ్డులో సరిచేసుకోవచ్చు. రేకు మందం కాబట్టి వెల్డింగ్ పట్టుకుంటుంది. మారుతి పల్చటి రేకుకు వెల్డింగ్ పెట్టడం చేయి తిరిగినవాళ్ళకే సాధ్యం, లేకుంటే రంధ్రం పెద్దదవుతుంది.

మన జిల్లాకు ఒక మేలుంది. సముద్రం లేదు, ఉప్పు గాలి లేదు, వాన తక్కువ. కడప, ప్రొద్దుటూరు, పులివెందుల, జమ్మలమడుగు వైపు మొదటి నుంచీ ఉన్న బళ్ళకు తుప్పు తక్కువగానే ఉంటుంది. అదే చెన్నైలో సముద్రం దగ్గర తిరిగిన బండి పైకి ఎంత బాగున్నా నేను నమ్మను. మన దగ్గర పాడయ్యేవి వేరే. ఎండకు డ్యాష్‌బోర్డు పగులుతుంది, తలుపుల రబ్బర్లు రాయిలా గట్టిపడతాయి, సీటు రెక్సిన్ చిట్లుతుంది. ఇవి కనబడ్డా భయపడకండి.

మెకానిక్, సామాన్లు

ఇక్కడ మారుతి స్పష్టంగా ముందుంది. 800 ఇంజన్నే ఓమ్నీలో వేశారు. ఓమ్నీ 2019 దాకా తయారైంది. ఊరూరా స్కూలు బళ్ళుగా, అంబులెన్సులుగా ఇంకా తిరుగుతున్నాయి. కాబట్టి పిస్టన్, క్లచ్ ప్లేటు, వాటర్ పంపు, టైమింగ్ బెల్టు ఏది కావాలన్నా అదే సాయంత్రానికి దొరుకుతుంది. పాతికేళ్ళ కుర్రవాడికి కూడా ఆ ఇంజన్ తెలుసు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో అమ్మేవాళ్ళు చెప్పలేకపోతే వెంటనే మార్పించండి, తెగితే బండి అక్కడే నిలబడుతుంది. మలుపు తిప్పేటప్పుడు ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు వస్తే యాక్సిల్ జాయింట్ పోయినట్టు, రబ్బరు బూట్ చిరిగి చాలా రోజులైనట్టు.

అంబాసిడర్‌కు ఊళ్ళో మెకానిక్ దొరకడం ఏటేటా కష్టమవుతోంది. మా బండి చూసే పెద్దాయనకు అరవై ఎనిమిదేళ్ళు. చెవి పెట్టి విని వాల్వ్ గ్యాప్ చెబుతాడు. ఆయన కొడుకు ఆ పని నేర్చుకోలేదు. మీకు అలాంటి మనిషి తెలియకపోతే అంబాసిడర్ జోలికి పోవద్దని నిజంగా చెబుతున్నాను. ఆ ఇంజన్ కష్టమైంది కాబట్టి కాదు. అది చాలా సాదా ఇంజన్, టైమింగ్ చైన్, పుష్ రాడ్లు, కంప్యూటర్ లేదు, కంటికి కనబడేదే అంతా. కానీ దానికి తరచూ చేయి తగలాలి. గ్రీజు నిపుళ్ళకు నెలానెలా గ్రీజు కొట్టాలి, ప్లాటినం పాయింట్లు గీకి గ్యాప్ పెట్టాలి, కార్బురేటర్ ట్యూనింగ్ చేయాలి. మీరే నేర్చుకునే ఓపిక ఉంటే అంతకన్నా మంచి గురువు లేదు. నేను స్పానర్ పట్టింది ఆ బండి దగ్గరే.

సామాన్ల కోసం చెన్నై పుదుపేట, జనరల్ ప్యాటర్స్ రోడ్, బెంగళూరు జేసీ రోడ్ తిరగాలి. 2014 దాకా తయారైన బండి కాబట్టి ఇంజన్ సామాన్లు ఇంకా ఉన్నాయి. పాత మోడల్ లైట్లు, గ్రిల్లు, నికెల్ పట్టీలకే వెతుకులాట. కొనేటప్పుడు బండి మీద ఏ చిన్న పట్టీ లేకపోయినా దాని విలువ తగ్గించి మాట్లాడండి.

నడిపితే ఎలా ఉంటుంది

అంబాసిడర్ వెనక సీటు గురించి చెప్పక్కర్లేదు. మా జేజి కాళ్ళు చాపుకుని కూర్చునేది. ఒంటిమిట్ట శ్రీరామనవమికి పెద్దవాళ్ళు ఐదుగురు, పిల్లలు నలుగురం ఎక్కి పోయేవాళ్ళం. ఇప్పుడు అలా ఎక్కించొద్దు. పాత బళ్ళలో సీటు బెల్టులే ఉండవు, పిల్లలను ముందు కూర్చోబెట్టకండి. గుంతల్లో కమాన్ కట్టలు మెల్లగా ఊపుతాయి, నడుము నొప్పి ఉన్నవాళ్ళకు హాయి. స్టీరింగ్ బరువు. మొదటి గేరు బండి పూర్తిగా ఆగాకే వేయాలి. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే డ్రమ్ములు కాగి పట్టు తప్పుతుంది. రెండో గేరులో ఇంజన్ పట్టు మీదే దిగాలి. ఇది అలవాటు లేని కొడుకు చేతికో, అల్లుడి చేతికో తాళం ఇచ్చే ముందు ఒకసారి పక్కన కూర్చుని చూడండి.

మారుతి ఎవరైనా నడుపుతారు. సందుల్లో తిరుగుతుంది, స్కూటీ పక్కన పెట్టినంత చోటు చాలు. ఇద్దరికి బాగుంటుంది, నలుగురు ఎక్కితే ఘాట్‌లో రెండో గేరు దాటదు. హైవేలో పక్క నుంచి లారీ పోతే బండి ఊగుతుంది.

పెట్రోల్ విషయం

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఈ రెండు కార్లూ దాని కోసం తయారైనవి కావు. పాత రబ్బరు పైపులు మెత్తబడి పగుళ్ళిస్తాయి, పెట్రోల్ పంపులోని రబ్బరు పొర (డయాఫ్రమ్) ఉబ్బుతుంది. పెట్రోల్ కారడం అంటే నిప్పుతో చెలగాటం. కొన్న వెంటనే ఇథనాల్ తట్టుకునే పైపులు ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా మార్పించండి. ఇథనాల్ గాలిలో తేమను లాగుతుంది, బండి నెలల తరబడి నిలబడితే ట్యాంకు అడుగున నీరు చేరి లోపల తుప్పు పడుతుంది. వారానికోసారి ఓ ఇరవై కిలోమీటర్లు తిప్పండి. మేము ప్రతి ఆదివారం పొద్దున్నే దేవుని కడప దాకా ఒకదాన్ని, మరుసటి వారం ఇంకోదాన్ని తీసుకుపోతాం.

అంబాసిడర్‌కు ఇంకోటి ఉంది. ఆ ఇంజన్ సీసం కలిపిన పెట్రోల్ కాలంనాటిది. మన దేశంలో 2000లో సీసం పెట్రోల్ ఆపేశారు. సీసం వాల్వ్ సీట్లు అరగకుండా కాపాడేది. ఎప్పుడైనా హెడ్ విప్పే పని పడితే గట్టి వాల్వ్ సీట్లు వేయించండి. దాని కోసమే హెడ్ విప్పక్కర్లేదు.

కాగితాలు

కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్ళకు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకోసారి రెన్యువల్. 2025 ఆగస్టులో కేంద్రం మార్చిన లెక్క ప్రకారం 20 ఏళ్ళు దాటిన కారు రెన్యువల్ ఫీజు 10,000 రూపాయలు. దీనికి తోడు గ్రీన్ ట్యాక్స్. అమ్మేవాళ్ళు రెన్యువల్ చేసి ఇస్తే ఒక ధర, మీరే చేయించుకోవాల్సి వస్తే ఒక ధర అని ముందే తేల్చుకోండి.

పాత పుస్తకం ఆర్‌సీ ఉన్న బండి అయితే ఆ వివరాలు ఆన్‌లైన్‌లోకి ఎక్కాయో లేదో మీరే నంబర్ కొట్టి చూడండి. ఎక్కకపోతే ఆఫీసు చుట్టూ తిరగడం మీ వంతవుతుంది. ఇంజన్ నంబర్, చాసిస్ నంబర్ రుద్ది చదవండి. అంబాసిడర్లలో చాలావాటికి ఒకప్పుడు పెట్రోల్ ఇంజన్ తీసేసి మాటడార్ వ్యాన్ డీజిల్ ఇంజన్ వేశారు. ఆర్‌సీలో పెట్రోల్ అని ఉండి బానెట్ కింద డీజిల్ ఉంటే ఫిట్‌నెస్ దగ్గర ఆగిపోతారు. మారుతిలో గ్యాస్ కిట్ పెట్టించి ఆర్‌సీలో రాయించనివి కనబడతాయి. డిక్కీలో సిలిండర్ బిగించిన గుర్తులున్నాయేమో చూడండి.

వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి చాలామంది అడుగుతున్నారు. 2021 రూల్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటిన సొంత బండికే అది. నంబర్‌లో వీఏ అనే అక్షరాలు వస్తాయి, ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌లో సగం తగ్గింపు ఉంది. అయితే ఆ బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోల్‌కు, రిపేరుకే తీయాలి. మా నాయన బండికి 2028లో యాభై నిండుతాయి. అయినా నేను ఆ నంబర్ తీసుకోను. ఒంటిమిట్టకు పోకపోతే ఆ బండి మాకెందుకు?

ఇన్సూరెన్స్‌లో 2022 నుంచి ఉన్న లెక్కలో థర్డ్ పార్టీ ప్రీమియం 1000 సీసీ లోపు కారుకు 2,094, 1000 నుంచి 1500 సీసీ దాకా 3,416 రూపాయలు. జీఎస్టీ సంగతి వేరే. అంబాసిడర్ 1489 సీసీ కాబట్టి పదకొండు సీసీల తేడాతో ఈ మధ్య వరుసలోనే ఉంది.

ఎవరికి ఏది

మొదటిసారి పాత కారు కొంటున్నారా, ఇంటి ముందు రోడ్డు మీదే పెట్టాలా, మెకానిక్ పెద్దగా పరిచయం లేడా? అయితే 1990ల మారుతి 800. ఇందులో నాకు అనుమానమే లేదు. పొరపాటు చేసినా దాని నుంచి బయటపడటం తేలిక, అమ్మాలనుకుంటే కొనేవాళ్ళుంటారు. నాన్‌స్టాప్‌గా వాడాలనుకుంటే ఎంపీఎఫ్ఐ, ఐదు గేర్ల మోడల్ చూడండి, కానీ అది నాకు పాత కారులా అనిపించదు. 1983 నుంచి 1986 దాకా వచ్చిన మొదటి మోడల్, ఎస్‌ఎస్80, దొరికితే అది వేరే లెక్క. దాని బాడీ వేరు, లైట్లు, అద్దాలు తర్వాతి బండివి సరిపోవు. ఏ ముక్కా పోని బండి అయితేనే తీసుకోండి.

ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, పండగలకు అందరూ కలిసి పోవాలి, నీడలో పెట్టే చోటుంది, పాత మెకానిక్ ఒకరు తెలుసు అంటే అంబాసిడర్. చూపుకు మార్క్ 2 అందం, ఆ చిన్న చిన్న గళ్ళ గ్రిల్ తర్వాత రాలేదు. తిప్పుకోవడానికి మార్క్ 3, మార్క్ 4 మేలు. 1990ల ఐసుజు ఇంజన్, ఐదు గేర్ల బండి ఘాట్‌ను లెక్కచేయదు, కానీ దానికి 1817 సీసీ, ఇన్సూరెన్స్ పై వరుసలోకి పోతుంది, ఇంజన్ సామాన్లు వేరు.

పెళ్ళిళ్ళకు అద్దెకివ్వాలన్న ఆలోచనతో అంబాసిడర్ కొనేవాళ్ళూ ఉన్నారు. సొంత నంబర్ ప్లేటుతో అద్దెకు తిప్పడం చట్టం ఒప్పుకోదు. ఆ లెక్క వేసుకుని కొనకండి. నాయన గుర్తుగా ఇంట్లో ఉన్న బండిని లేపాలనుకునేవాళ్ళకు మాత్రం ఈ పోలికలేవీ అక్కర్లేదు. అది ఏ బండి అయినా అదే చేయించండి.

మా మేనల్లుడు మొదట అంబాసిడరే కావాలన్నాడు. వాళ్ళిల్లు ప్రకాశ్‌నగర్ సందులో, బండి ఎండలోనే ఉండాలి. పది బళ్ళు చూశాక 1996 మారుతి తీసుకున్నాడు, కాషాయం కలిసిన ఎరుపు రంగుది. ఫ్యాన్ స్విచ్ తనే మార్చుకున్నాడు, కార్బురేటర్ విప్పడం నేర్చుకున్నాడు. పోయిన వారం ఫోన్ చేసి ప్రొద్దుటూరులో గళ్ళ గ్రిల్ మార్క్ 2 ఒకటుందట, పోయి చూద్దామా మామా అన్నాడు. పోదాం గానీ, ముందు మీ ఊరి పొలం దగ్గర ఓ రేకుల షెడ్డు వేయించు అన్నాను. నిన్న షెడ్డుకు ఇనుప పైపుల కొలతలు పంపాడు. పొడవు పన్నెండడుగులు రాశాడు. అంబాసిడర్ ఒక్కటే పద్నాలుగు అడుగులు, పద్దెనిమిది వేయమని జవాబు పెట్టాను.